బజారు పార్కింగ్ బాగోగుల ఖర్చు ఎవరు పెట్టాలి: మున్సిపాలిటీయా, పాటదారుడా, షాపుల ఓనర్లా?

బజారులో పార్కింగ్‌కి స్థలం దొరికిన రోజున అందరూ హుషారుగానే ఉంటారు. పాత చేపల మార్కెట్టు పడగొట్టిన జాగానో, కాలువ గట్టు పక్కన ముళ్లకంపలు పెరిగిన ముప్పై సెంట్లో తేలుతుంది. మెరక తోలుతారు, తెల్లగీతలు గీస్తారు, రిబ్బను కత్తిరిస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అసలు రంగు బయటపడుతుంది. మన డెల్టా నేల సంగతి తెలిసిందేగా, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. తోలిన మెరక కుంగుతుంది, తూము పూడుతుంది, దీపాల్లో సగం వెలగవు, ఒక మూల ఎవరిదో ఇసుక కుప్ప, ఇంకో మూల పాడైపోయిన ఆటో. బళ్లు మళ్లీ రోడ్డు మీదికే వస్తాయి.

పార్కింగ్ కట్టడానికి ఏదో ఒక గ్రాంటు దొరుకుతుంది. ఊడవడానికీ, కాపలాకీ, గుంట పూడ్చడానికీ దొరకదు. ఆ డబ్బు ఎక్కణ్ణించి రావాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందే చెప్పేస్తాను. మెయిన్‌రోడ్డులో నాకో చిన్న బిల్డింగు ఉంది, కింద రెండు షాపులు అద్దెకిచ్చాను. కాబట్టి నేను ఓనర్ల పక్షం అని అనుమానించే హక్కు మీకుంది. మా వర్తక సంఘంలో ఈ గొడవ వచ్చినప్పుడల్లా లెక్క వేసే పని నా మీదే పడుతుంది కనుక, నాలుగైదు పద్ధతులూ కాగితం మీద పెట్టి చూశాను. భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, మండపేట, ఏ ఊరి మెయిన్‌రోడ్డుకైనా ఇంచుమించు ఇదే లెక్క సరిపోతుంది.

ముందు బోదె సంగతి

వ్యవసాయం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పెద్దకాలువ ప్రభుత్వానిది. అక్కణ్ణించి పొలానికి వచ్చే పంట బోదె మాత్రం ఆ కింద ఉన్న రైతులందరిదీ. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఎకరానికింత అని వేసుకుని పూడిక తీయించుకోవాలి. ఎగువనున్నాయన 'నా చేలోకి నీళ్లు ఎలాగూ వస్తున్నాయి, నేనెందుకివ్వాలి?' అంటాడు. శివారు రైతు 'ఎంత పూడిక తీసినా నాదాకా రావు, నేనెందుకివ్వాలి?' అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అయినా ఇద్దరూ ఇవ్వకపోతే బోదె బోదెగా ఉండదు. రైతులే సాగునీటి సంఘాలుగా ఏర్పడి కాలువలు చూసుకోవాలని 1997లో ఏకంగా చట్టమే తెచ్చారు.

బజారు పార్కింగూ ఇలాంటిదే. స్థలం ఊరిది, లాభం మాత్రం ప్రధానంగా ఆ చుట్టుపక్కల యాభై గజాలదో, వంద గజాలదో. అందుకే 'లాభం పొందే ఆస్తి వాటా వేసుకోవాలి' అన్న ఆలోచన మనకేమీ కొత్తది కాదు. కొత్తగా ఆలోచించాల్సింది వాటా ఎలా వేయాలన్నదే.

మున్సిపాలిటీయే భరించడం

'ఇంటి పన్ను కడుతున్నాం కదండీ, ఇంకేం కట్టాలి?' ఏ మీటింగులోనైనా మొదటి మాట ఇదే. తప్పుడు మాటేం కాదు. 2021 నుంచి మన రాష్ట్రంలో ఆస్తిపన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు. భూమి విలువ ఎక్కువ ఉన్నది మెయిన్‌రోడ్డులోనే కదా, పైగా వ్యాపార భవనాలకి శాతం కూడా ఇళ్లకన్నా ఎక్కువ.

చిక్కేమిటంటే ఆ డబ్బంతా ఒకే కుండలో పడుతుంది. మంచినీళ్ల పైపు పగిలినా, చెత్త ట్రాక్టరుకి టైరు పోయినా ముందు వాటికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. ఊరి చివర పేటలో నడిచి పనికెళ్లే మనిషి కట్టే పన్నుతో బట్టల షోరూముకి వచ్చే కార్లకి నీడ కల్పించడం న్యాయమేనా అన్న ప్రశ్న ఎలాగూ ఉంది. 'బండి కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టాను' అనేవాళ్లకి కూడా ఒక మాట: అది రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లింది, మీ ఊరి బజారుకి కాదు.

ఇరవై ముప్పై మోటారు సైకిళ్లు పట్టే చిన్న జాగా అయితే మాత్రం ఈ గొడవంతా వద్దు, మున్సిపాలిటీనే ఊడ్పించమనండి. వసూలు ఏర్పాటుకయ్యే ఖర్చు వసూలును మించిపోతుంది.

ఆశీలు పాట

మన అధికారులకి బాగా అలవాటైన దారి ఇది. సంతకి పాడినట్టే పార్కింగ్‌కీ వేలం పాడతారు, ఎక్కువ పాడినవాడికి ఏడాది హక్కు. ఆఫీసుకి ముందే డబ్బు, తలనొప్పి లేదు.

నేనైతే ఈ పద్ధతిని ఒంటరిగా ఎప్పుడూ సమర్థించను. ఏడాది హక్కున్నవాడు పదేళ్లు ఆగే పని ఎందుకు చేస్తాడు? తూము పూడితే వచ్చే ఏడాది వచ్చేవాడు చూసుకుంటాడు. ఒక సంక్రాంతికి పక్క ఊళ్లో బట్టలకి వెళ్లి కారు పెడితే చీటీ మీద ఇరవై అని ఉంది, కుర్రాడు నలభై అడిగాడు. రేట్ల బోర్డు ఏదీ అంటే గోడ వైపు చూపించాడు. అక్కడ బోర్డుంది గానీ అంకెల మీద ఎవరో సినిమా పోస్టరు అంటించేశారు. ఆ కుర్రాణ్ణి అనడానికేముంది, వాళ్ల యజమాని పాడిన పాట ఆ రెండు వారాల్లోనే రాబట్టుకోవాలి.

వచ్చిన పాట సొమ్ములో పార్కింగ్ మీద తిరిగి పెట్టేదెంత అని అడిగి చూడండి. చాలాచోట్ల అది కూడా ఆ ఒకే కుండలోకే.

సంఘం చందా

దీనికి నాలుగు వాక్యాలు చాలు. మా వీధిలో రాత్రి కాపలాకి ఒకసారి చందా వేసుకున్నాం. మొదటి ఏడాది అందరూ ఇచ్చారు. రెండో ఏడాది ఇచ్చినవాళ్లు ఇవ్వనివాళ్లని లెక్కపెట్టుకున్నారు. మూడో ఏడాది కాపలా మనిషే మానేశాడు.

బండికింత అని రుసుము, ఆ డబ్బు అక్కడికే

ఇది ఆశీలు లాగే కనిపిస్తుంది గానీ ఒక తేడా ఉంది. వసూలు చేసేది పాటదారుడు కాదు, వచ్చిన ప్రతి రూపాయీ ఆ వీధి మీదే పెట్టాలి.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ కాలిఫోర్నియాలోని పాసడీనా. అక్కడి పాతబజారు బాగా దెబ్బతిని ఉన్న రోజుల్లో నగరపాలక సంస్థ రోడ్డు పక్కన మీటర్లు పెడతానంటే వర్తకులు ఒప్పుకోలేదు, ఉన్న గిరాకీ కూడా పోతుందని. మీటర్ల డబ్బంతా ఆ బజారు నడకదారులకీ, దీపాలకీ, చెట్లకే ఖర్చు పెడతామన్నాక సరేనన్నారు. 1993లో మీటర్లు వచ్చాయి, బజారు కోలుకుంది. పార్కింగ్ మీద జీవితమంతా పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసరు ఈ ఊరిని పదేపదే చూపించేవారు. మన దగ్గరా 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పార్కింగ్ రుసుము ఆ నేల విలువకి తగ్గట్టుండాలనే చెప్పింది.

అయితే పాసడీనా ఆదాయం మన ఊళ్లో ఊహించుకోవద్దు. మన బజారుకి వచ్చేవి నూటికి ఎక్కువ మోటారు సైకిళ్లు. ఐదు రూపాయలు అడిగితేనే 'రెండు నిమిషాల్లో వచ్చేస్తానండీ' అని మెట్ల పక్కన పెట్టేసి పోతారు. పైగా మన వ్యాపారానికి ఎగుడుదిగుడులెక్కువ. శ్రావణంలో, సంక్రాంతి ముందు కాలు పెట్టడానికి జాగా ఉండదు. ఆషాఢంలో, తుపాను వారంలో ఈగలు తోలుకోవడమే. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఒకటే.

ఓనర్ల వాటా

చుట్టుపక్కల ప్రతి ఆస్తి మీదా ఏడాదికింత అని వేసి, ఆ డబ్బుని వేరే ఖాతాలో ఉంచి, ఆ పార్కింగ్ మీదే ఖర్చు పెట్టడం. కాలిఫోర్నియాలో చాలా పట్టణాల నడిబజారు పార్కింగ్ ఇలాగే నడుస్తోంది. వాళ్ల నియమాల్లో నాకు నచ్చినవి కొన్ని ఉన్నాయి. 1996లో అక్కడి ఓటర్లు నెగ్గించిన 218వ ప్రతిపాదన ప్రకారం ముందు ఒక ఇంజనీరు లెక్క కట్టి ఇవ్వాలి: ఈ పనివల్ల ఏ ఆస్తికి ప్రత్యేకంగా ఎంత లాభం, ఊరందరికీ కలిగే మామూలు లాభం ఎంత. ఊరందరి లాభాన్ని ఓనర్ల మీద వేయకూడదు. విచారణకి కనీసం 45 రోజుల ముందు ప్రతి ఓనరుకీ నోటీసూ, ఓటు కాగితమూ పంపాలి. ఓటు విలువ కట్టబోయే సొమ్మును బట్టి. వద్దన్న ఓట్ల బరువు ఎక్కువైతే వాటా వేయడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆస్తులకి కూడా ఊరికే మినహాయింపు లేదు.

ఈ ఆఖరి మాట మనకి చాలా ముఖ్యం. మన మెయిన్‌రోడ్లలో మున్సిపల్ కాంప్లెక్సులు, దేవస్థానాల షాపులు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిని వదిలేసి మిగతావాళ్ల మీద వేస్తే మొదటి మీటింగులోనే కుర్చీలు లేస్తాయి.

ఇక మన చట్టం సంగతి. రాజ్యాంగం 265వ అధికరణం చట్టం ఆధారం లేకుండా పన్ను వేయకూడదంటుంది. పన్నుకీ రుసుముకీ తేడా ఏమిటో, రుసుము తీసుకుంటే దానికి తగ్గ సేవ ఉండాలని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే చెప్పింది. కాబట్టి వర్తక సంఘం తీర్మానం పట్టుకెళ్లి 'రేపట్నుంచి అందరూ కట్టండి' అంటే కుదరదు. ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఓనర్లు సంఘంగా రిజిస్టరై, మున్సిపాలిటీతో నిర్వహణ ఒప్పందం రాసుకోవడం. అందులో బలహీనత కూడా చెప్పాలి: సంతకం పెట్టినవాళ్లకే అది వర్తిస్తుంది. బిల్డింగు అమ్మేస్తే కొన్నాయన 'నాకు తెలీదండీ' అంటాడు. అందుకే సంతకాలు నూటికి ఎనభై వంతులైనా రాకపోతే ఈ దారి మొదలుపెట్టొద్దంటాను. లేకపోతే అది చందాకి ఇంకో పేరు, అంతే.

ఒక లెక్క

ఈ అంకెలు ఊరికే ఉదాహరణకి అనుకున్నవి, మీ ఊరి ధరలు వేసుకోండి. ముప్పై సెంట్ల స్థలం అంటే దాదాపు 1,214 చదరపు మీటర్లు. తిరిగే దారితో కలిపి కారుకి 23 చదరపు మీటర్లు పడుతుంది. 15 కార్లకి వదిలితే మిగిలినదాంట్లో 200 మోటారు సైకిళ్లు సుఖంగా పడతాయి.

ఏడాది ఖర్చు: ఇద్దరు కాపలా మనుషులకి 2,88,000, ఊడ్చే మనిషికి 1,08,000, కరెంటుకీ దీపాలకీ 60,000, తూము పూడిక రెండుసార్లు తీయడానికి 40,000, గీతలకీ గుంటలకీ 54,000. ఇవి కాక కొన్నేళ్లకోసారి నేలంతా మళ్లీ వేయాలి కనుక దానికని పక్కన పెట్టేది 1,50,000. అంతా కలిపి ఏడు లక్షలు. చాలా ఊళ్లలో ఆ ఆఖరి లక్షన్నర ఎవరూ వేయరు, మూడో ఏడాదికి గుంటలు అందుకే.

ఇప్పుడు పూర్తిగా బండి రుసుము మీదే నడిపితే? మోటారు సైకిలుకి 5, కారుకి 20. మోటారు సైకిలు జాగా రోజుకి రెండుసార్లు, కారు జాగా మూడుసార్లు తిరిగితే రోజుకి 2,900. మూడొందల రోజులకి 8,70,000. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ ఏడాది పొడుగునా నిండుగా ఉండే పార్కింగ్ మన ఊళ్లో నేను చూళ్లేదు. సగం అనుకుంటే 4,35,000. రెండు లక్షల అరవై ఐదు వేలు తక్కువ పడింది.

పూర్తిగా ఓనర్ల మీద వేస్తే? చుట్టుపక్కల షాపుల నేల అంతా కలిపి 70,000 చదరపు అడుగులు అనుకోండి, అడుక్కి పది రూపాయలు. మూడొందల అడుగుల మందుల షాపుకి ఏడాదికి మూడు వేలు, ఆరు వేల అడుగుల బట్టల షోరూముకి అరవై వేలు. పైగా జాగా ఉచితం కనుక షాపుల్లో పనిచేసేవాళ్లే పొద్దున్నే తెచ్చి రాత్రిదాకా బళ్లు పెట్టేస్తారు, కొనేవాడికి చోటుండదు. ఉచిత పార్కింగ్‌ని నింపేది ఎప్పుడూ మన సొంత మనుషులే.

అందుకే నేను ఖర్చును రెండుగా చీలుస్తాను. బండి వచ్చినా రాకపోయినా తప్పనివి, అంటే నేల, తూము, దీపాలు, గీతలు, అవి ఓనర్ల వాటా. కలిపితే 3,04,000, అడుక్కి 4 రూపాయల 34 పైసలు. మందుల షాపుకి ఏడాదికి 1,300, నెలకి వంద పైచిలుకు. షోరూముకి 26 వేలు. మనుషుల జీతాలు 3,96,000 బండి రుసుములోంచి. సగం నిండినా 4,35,000 వస్తుంది కనుక ఆషాఢానికి 39 వేలు మిగులు.

దీనికి ఇంకో న్యాయం కూడా ఉంది. నేల బాగుంటే పెరిగేది బిల్డింగు విలువ, అది ఓనరుది. రోజూ కాపలా ఉంటే పెరిగేది గిరాకీ, అది అద్దెకున్నాయనది, వచ్చే కొనుగోలుదారుది. నా షాపులో ఉన్న చెప్పుల వ్యాపారి 'మీ వాటా కూడా చివరికి మా అద్దెలోనే కలుపుతారు కదండీ, ఆయ్!' అని నవ్వాడు. నిజమే, కొందరు కలుపుతారు. ఒప్పందం తిరగరాసేదాకా మాత్రం కుదరదు, అద్దె అప్పటికే అంచుమీదుంటే ఆ తర్వాత కూడా కష్టమే. అందుకని సంఘం రాతకోతల్లోనే 'స్థిర వాటా ఓనరుదే' అని ఒక వాక్యం పెట్టండి. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి అద్దె మాత్రం ఫోన్‌పేలో అందుకునే ఓనర్లని పట్టుకోవడమే ఇందులో అసలు కష్టం. వాళ్ల సంతకాలు పండక్కి వచ్చినప్పుడే దొరుకుతాయి.

వాటా పంచేటప్పుడు తగువులు

నేల విస్తీర్ణం మీద పంచితే గోడౌను ఎక్కువున్న కిరాణా హోల్‌సేలరు మొత్తుకుంటాడు, రోడ్డు వైపు వెడల్పు మీద పంచితే మూడంతస్తుల ఆసుపత్రి తక్కువతో తప్పించుకుంటుంది. నా ఓటు విస్తీర్ణానికే, గోడౌనుకి సగం లెక్కతో. దూరం కూడా చూడాలి: నూట యాభై అడుగుల్లోపు పూర్తి వాటా, ఆపైన సగం, వీధి మలుపు దాటితే లేదు. శివారు రైతుకి అన్యాయం జరగకూడదు కదా.

సెల్లారు సంగతి విడిగా చెప్పాలి. ప్లానులో పార్కింగ్ అని రాయించి, కట్టాక షాపులకో సరుకుకో ఇచ్చేసిన సెల్లార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మనవైపు వానాకాలం వాటిలో నీళ్లూరుతాయన్న సాకు కూడా రెడీగా ఉంటుంది. సెల్లారు తాళం తీసి నిజంగా కొనేవాళ్ల బళ్లు పెట్టనిచ్చేవాడికి వాటాలో సగం తగ్గించండి. పై లెక్కలో ఆ షోరూముకి అలా తగ్గిస్తే మిగతావాళ్లకి అడుక్కి 20 పైసలు పెరుగుతుంది, మందుల షాపుకి ఏడాదికి అరవై రూపాయలు. ఒక సెల్లారు తెరుచుకుంటే అది చవకే.

ఓటు విషయంలో మాత్రం కాలిఫోర్నియా పద్ధతి యథాతథంగా వద్దు. సొమ్మును బట్టే ఓటంటే రెండు షోరూములూ ఒక కల్యాణమండపమూ కలిసి బజారంతా నడిపిస్తాయి. తలకో ఓటంటే పెద్దవాళ్లు పక్కకి తప్పుకుంటారు. రెండు లెక్కల్లోనూ సగానికి మించితేనే ఆమోదం అని పెట్టుకోండి. తోపుడు బళ్లవాళ్లని ఖాళీ చేయించి ఆ జాగా కలుపుకుందాం అనే పెద్దలుంటారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, అలా చేయడానికి వీల్లేదు. అసలు వాళ్లున్నచోట రాత్రిపూట మనుషులు తిరుగుతారు, అదీ ఒక కాపలాయే.

మీ ఊరికి ఏది

చిన్న జాగా, గిరాకీ అంతంతమాత్రం: మున్సిపాలిటీ. కార్తీకంలో పంచారామాలకి బస్సులు వచ్చినట్టు ఏడాదిలో కొన్ని వారాలే రద్దీ ఉండే చోట: ఆ వారాలకి మాత్రం తాత్కాలిక రుసుము, దానికోసం ఓనర్ల సంఘం అక్కర్లేదు. 2027 పుష్కరాలకి వేసే పార్కింగ్ మైదానాలు వేరే వ్యవహారం, వాటిని ఈ లెక్కలో కలపొద్దు. రాజమండ్రి, కాకినాడ లాంటి చోట రోజంతా కార్లు తిరిగే వీధైతే రుసుము ఒక్కటే నిలబడొచ్చు, డబ్బు అక్కడికే తిరిగొచ్చేలా రాయించుకుంటే. భీమవరం, అమలాపురం స్థాయి మెయిన్‌రోడ్డుకి నేను చెప్పిన రెండు ముక్కల పద్ధతే. పాట తప్పదని అధికారులు పట్టుబడితే మూడేళ్లకి తక్కువ కాకుండా పాడించి, తూము పూడికా గీతలూ పాటదారుడి పనే అని షరతుల్లో రాయించండి, బోర్డు మీద అంకెలు మూరెడు పొడవుండాలని కూడా.

ఏదెంచుకున్నా ముందు ఒక శనివారం సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిదిదాకా ఎవరైనా నోటుబుక్కు పట్టుకుని నిలబడి, అరగంటకోసారి ఎన్ని బళ్లున్నాయో, వాటిలో ఎన్ని పొద్దున్నించీ కదలనివో రాయాలి. తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం ఇదే పని. ఆ రెండు పేజీలు లేకుండా మీటింగు పెడితే గొంతు పెద్దదైనవాడి లెక్కే నెగ్గుతుంది. నేల పని మేలో చేయించాలి, తొలకరి పడ్డాక ఒండ్రు మీద రోలరు దిగబడుతుంది. మేలో పని జరగాలంటే మార్చికి డబ్బు ఖాతాలో ఉండాలి. అంటే సంతకాల కాగితం భోగినాటికి తయారైపోవాలి, కనుమ వెళ్లిన మర్నాడు ఊళ్లో సగంమంది ఓనర్లు ఉండరు.